వేరే ట్యాంకు

మార్చి 3, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లో అరిస్తే అమ్మ బెంగ పెట్టుకుంటుంది. అందుకని ఇక్కడ అరుస్తున్నాను.

పొద్దున పిండాలు దాచే ల్యాబ్ తలుపు తీసేసరికి వేరే ట్యాంకు మెడ చుట్టూ తెల్లగా మంచు పేరుకుని ఉంది. మంచు బయటికి వచ్చిందంటే చలి లోపల నిలవడం లేదన్నమాటే. ఇక అది ట్యాంకు కాదు, బిందె.

మేనేజర్‌ని పిలిచి చూపించాను. వెనకాల మేమంతా ఈయన్ని సర్దుబాటు గారు అంటాం. ఒంగి చూసి, "టవల్ చుడదాం మేడమ్" అన్నాడు.

"టవల్ చుడితే నైట్రోజన్ ఆవిరవకుండా ఆగుతుందా?"

"కొత్తది తెప్పించాలంటే మూడు నెలలు పడుతుంది. అందాకా ఇందులో ఉన్నవి పెద్ద ట్యాంకులో పెట్టేయండి. నాలుగు రోజులు సర్దుకుందాం."

మూడు నెలలన్న నోటితోనే నాలుగు రోజులు!

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఎన్నోసారో నాకే తెలియదు. రక్తపరీక్షలో ఏ ఇన్ఫెక్షనూ లేదని తేలినవాళ్ళ పిండాలు పెద్ద ట్యాంకులో ఉంటాయి. రిపోర్టు రానివాళ్ళవి వెయిటింగ్ ట్యాంకులో. వైరస్ ఉందని తేలినవాళ్ళవి వేరే ట్యాంకులో. ఆ చలికి వైరస్ చావదు. పిండం ఎలా నిద్రపోతుందో అదీ అలాగే నిద్రపోతుంది. పిండం దాచిన సన్న గొట్టం, స్ట్రా, ఎక్కడైనా చిట్లిందంటే వైరస్ ఆ నైట్రోజన్ ద్రవంలోనే తిరుగుతుంది. పక్కనున్నది ఎవరి బిడ్డో దానికి తెలియదు.

"ఇన్నేళ్ళలో మన దగ్గర ఎప్పుడైనా అలా జరిగిందా మేడమ్?"

"జరగలేదు. ఎందుకు జరగలేదంటారు?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "అదృష్టం" అన్నాడు.

వేరే ట్యాంకులో ప్రస్తుతం ఉన్నవి ఒక్క జంటవే. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, ఆయన భార్య. మాస్టారికి హెపటైటిస్ బి ఉంది. వాళ్ళ స్ట్రాలను రవాణాకి వాడే చిన్న క్యానులోకి మార్చాను. క్యాను రెండు మూడు రోజుల ప్రయాణానికి చేసింది, కాపురం పెట్టడానికి కాదు. రోజూ నైట్రోజన్ పోస్తూ ఉండాలి. ఆదివారాలు కూడా.

మార్చి 4

క్యాను నింపాను.

మార్చి 6, గురువారం

చెల్లికి ఈ రోజు అండాలు తీశారు. బాగానే వచ్చాయి.

దాన్ని ఈ రోజు కేసుల్లో ఆఖరున పెట్టించాను. మధ్యాహ్నం రమ్మన్నాను. అమ్మ ఆత్రంకొద్దీ పొద్దున్నే తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఖాళీ కడుపుతో అన్ని గంటలు కూర్చుంటే ఎవరికైనా కోపం వస్తుంది. లోపలికి తీసుకెళ్తుంటే అంది:

"అందరూ వెళ్ళాక నన్ను పిలిచావు. సొంత అక్క ఉన్న ఆస్పత్రి అని చెప్పుకుని మురిసిపోయాను."

"నీ రిపోర్టు లేదు కాబట్టి ఆఖరున పెట్టాను. నీ తర్వాత గది మొత్తం కడిగించాలి."

"కడిగించాలా!" అంది. ఆ మాట నేను ఇంకోలా అనాల్సింది.

చెల్లి, మరిది ఇంతకుముందు ఇంకో క్లినిక్‌లో తిరిగారు. పరీక్షలన్నీ అక్కడే అయ్యాయి, అన్నీ బాగున్నాయన్నారు అని చెల్లి చెప్పింది. కాగితాలేవంటే పంపిస్తామన్నారట. పోనీ ఇక్కడ మళ్ళీ రక్తం ఇవ్వమంటే, ఈ ఆస్పత్రి పెట్టిన పెద్ద మేడమ్ నవ్వుతూ అడ్డుపడింది. "మన మనిషే కదా. ఊరికే సూదులెందుకు? కాగితాలు వచ్చాక చూసుకుందువుగానీ." నాకు మర్యాద చేశాననుకుంది. ఇంకెవరైనా అయితే రక్తం ఇవ్వకుండా ఈ గది గడప తొక్కేవారు కాదు.

పెద్ద మేడమ్ చెడ్డది కాదు. రెండు గదుల్లో మొదలుపెట్టి ఇంత చేసింది. పేషెంట్ల చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది. కానీ మంచితనంతో ట్యాంకు నిండదు కదా.

మార్చి 7

క్యాను నింపాను. చెల్లి ఫోన్ ఎత్తలేదు.

మార్చి 11, మంగళవారం

చెల్లివి ఐదు పిండాలు నిలిచాయి. ఐదూ చూడముచ్చటగా ఉన్నాయి. ఈ మాట ల్యాబ్‌లో అనకూడదు, అంటే దిష్టి తగులుతుందని మా నర్సుల నమ్మకం. ఇక్కడ రాసుకోవచ్చు.

ఒళ్ళు కుదుటపడ్డాక గర్భంలోకి ఎక్కిద్దామని మేడమ్ అనడంతో ఫ్రీజ్ చేసి వెయిటింగ్ ట్యాంకులో పెట్టాను. సర్దుబాటు గారు తలుపు దగ్గర నిలబడి, "మీ చెల్లెలివి కూడా వెయిటింగేనా?" అని ఆశ్చర్యపోయాడు.

"ట్యాంకుకి చుట్టరికాలు తెలియవండీ."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ దగ్గరికి కబురు చేరిపోయింది. చెల్లి ఏడుస్తూ ఫోన్ చేసిందట. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"దాని పిల్లల్ని ఎక్కడో అంటువాళ్ళ దాంట్లో పెట్టావట?"

"అంటువాళ్ళది కాదమ్మా. రిపోర్టు రానివాళ్ళది. రక్తం ఇస్తే ఎల్లుండికి తేలిపోతుంది."

"నీ తోడబుట్టిన దాన్ని నువ్వే అనుమానిస్తే బయటివాళ్ళు ఇంకేమంటారే?"

"అందర్నీ అడిగేదే దాన్నీ అడిగాను. దీన్ని అనుమానం అనరు."

"మరేమంటారు?"

పన్నెండేళ్ళుగా ఇదే పని. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి ఒక్క మాట కూడబెట్టుకోలేకపోయాను.

మార్చి 13, గురువారం

ఈ రోజు మాస్టారి గురించి పెద్ద యుద్ధం.

వచ్చే నెల వాళ్ళకి పిండం ఎక్కించాలి. సర్దుబాటు గారు మేడమ్ చెవిలో వేశాడు, వాళ్ళని వేరే ఊళ్ళో పెద్దాస్పత్రికి పంపేద్దామని. వేరే ట్యాంకు చెడిపోయింది, ఉన్నది వాళ్ళొక్కళ్ళే, వాళ్ళు వెళ్ళిపోతే వేరే ట్యాంకుతోనే పనిలేదట. అబ్బ, ఏం తెలివి! పళ్ళు పీకేస్తే పంటినొప్పి ఉండదు.

"మేడమ్, ఆయన వీర్యం కడిగి వాడాం. ఆవిడకి టీకాలు వేయించాం. ఆవిడకి వైరస్ రాలేదు. చెయ్యాల్సినవన్నీ చేశాం. ఇప్పుడు ఏం చెప్పి పంపిస్తారు?"

"మనకి వసతి లేదని చెప్తాం."

"వసతి అంటే ఒక ట్యాంకు."

మేడమ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "నువ్వు చెప్పేదాంట్లో తప్పులేదే. కానీ తప్పులేనివన్నీ ఒకేసారి చెయ్యలేం. పోయిన నెల జనరేటర్ అన్నావు. అంతకుముందు గాలి ఫిల్టర్లు అన్నావు."

అవన్నీ నేనన్నాకే కాదు, పాడైపోయాకే మార్చారు. ఆ మాట అనలేదు. అనాల్సింది.

బయటికి వస్తుంటే మాస్టారి భార్య వరండాలో కూర్చుని ఉంది, ఏదో మందు చీటీ కోసం వచ్చింది. "మావి బాగున్నాయా అమ్మా?" అంది. స్టేషన్లో దింపిన పిల్లల గురించి అడిగినట్టు.

"బాగున్నాయండీ" అన్నాను. అప్పుడే వెళ్ళి క్యాను మళ్ళీ నింపాను. పొద్దునే నింపిందాన్ని.

మార్చి 14

చెల్లి రక్తం ఇచ్చిందట. మరిది లాక్కొచ్చాడు. "వదినా, ఇద్దరం ఇచ్చేశాం, ఇక మీరూ మీరూ మాట్లాడుకోండి, నా ప్రాణం తీస్తోంది" అని ఫోన్ చేశాడు.

నాకేం కంగారు లేదు. రివాజుగా చేసే పరీక్ష.

మార్చి 16, ఆదివారం

క్యాను నింపడానికి వెళ్ళాను. నాకేం కంగారు లేదు.

మార్చి 17, సోమవారం

మరిదికి లేదు. చెల్లికి ఉంది.

హెపటైటిస్ బి. మళ్ళీ చేయించాను. మళ్ళీ ఉంది.

మార్చి 18, మంగళవారం

నిన్న మిగతాది రాయలేకపోయాను.

మేడమ్ తనే చెప్తానంది. వద్దు, మీ గదిలో మీరుండండి, నేనే చెప్తానన్నాను. చెల్లిని, మరిదిని కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి తలుపేశాను. విషయం చెప్పాను. చెల్లి గోడ మీదున్న పిండం బొమ్మ వైపు తిరిగింది. తర్వాత మొదటి మాట:

"ఇప్పుడు తృప్తిగా ఉందా?"

మరిది "ఏయ్" అన్నాడు. నేను రిపోర్టు మడిచి పక్కన పెట్టాను. ఏమంటాను?

తర్వాత అడిగింది, పాత క్లినిక్‌లో అంతా బాగుందన్నారు కదా అని. అక్కడికి ఫోన్ చేయించాను. మిగతావన్నీ చేశారు, ఈ ఒక్కటీ చెయ్యలేదు. పిండం దశకి వచ్చినప్పుడు చేద్దామనుకున్నారట. వాళ్ళు తర్వాత చూద్దామనుకున్నారు, మావాళ్ళు అక్కడ అయిపోయిందనుకున్నారు. మధ్యలో నా చెల్లి.

"నాకెలా వచ్చింది అక్కా? నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యనక్కర్లేదు. చాలామందికి పుట్టేటప్పుడే వస్తుంది."

ఆ మాట అంటూ ఉండగానే తెలిసింది నేనేమన్నానో. చెల్లికి కూడా తెలిసింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

మార్చి 20, గురువారం

నా అదుపులో ఉన్న పని ఒక్కటే. చెల్లి పిండాలను వెయిటింగ్ ట్యాంకు నుంచి తియ్యాలి. తీసి వేరే ట్యాంకులో పెట్టాలి. వేరే ట్యాంకు లేదు. క్యానే ఉంది. క్యానులో మాస్టారివి ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే వైరస్ కాబట్టి కలిపి ఉంచవచ్చు. ఉంచాను.

వెయిటింగ్ ట్యాంకులో మిగిలిన స్ట్రాలన్నీ ఒక్కొక్కటే చూశాను. చెల్లి స్ట్రాల సీలు ఎక్కడా చెక్కుచెదరలేదు. అయినా ఆ ట్యాంకుని ఖాళీ చేసి, శుద్ధి చేసి, మళ్ళీ నింపాలన్నాను. సర్దుబాటు గారు తల పట్టుకున్నాడు.

అప్పుడు పెద్ద మేడమ్ ల్యాబ్‌లోకి వచ్చింది. అందర్నీ బయటికి పంపింది. మెల్లిగా అంది:

"చూడు, ఆ క్యాను నమ్మదగ్గది కాదు. సీలు వేసిన స్ట్రాలు. నీ చెల్లివి పెద్ద ట్యాంకులో ఓ మూలకి పెట్టేసుకో. నేనేమీ అనను. మన మనిషే కదా."

"మరి మాస్టారివి?"

మేడమ్ గడియారం చూసుకుని తలుపు వైపు నడిచింది.

ప్రేమతోనే అంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మార్చి 21

క్యాను మూత తీస్తే పొగ తక్కువగా వచ్చింది. కొలపుల్ల పెట్టి చూశాను. రాత్రికి రాత్రే చాలా తగ్గింది. క్యాను కూడా వయసైపోయినట్టుంది. ఇక రోజుకి రెండుసార్లు.

పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. మూత మీద చెయ్యి వేశాను. దుమ్ము తుడవడానికి. అంతే.

మార్చి 22

దుమ్ము తుడవడానికి కాదు.

మూత ఎత్తాను కూడా. ఓ మూల ఖాళీ ఉంది. ఐదు స్ట్రాలు సుఖంగా పడతాయి. ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కావిడా సరేనంది. ఇంకో చేతిలో పటకారు ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

ఆ ట్యాంకులో ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలుసు. వాళ్ళ తల్లులు ఎవరూ నన్ను అడగలేదు, ఓ మూల ఎవరైనా ఉన్నారా అని. అడగాలని కూడా వాళ్ళకి తెలియదు.

మూత పెట్టేశాను. పటకారు కొక్కేనికి తగిలించాను.

మార్చి 24, సోమవారం

చెప్పేశాను.

"మేడమ్, ఇంజెక్షన్లు మొదలుపెట్టినవాళ్ళ కేసులు పూర్తి చేస్తాను. కొత్తవాళ్ళని మాత్రం మొదలుపెట్టించకండి. వేరే ట్యాంకు వచ్చేదాకా నేను ఇంకెవరివీ ఫ్రీజ్ చెయ్యను. ఆ ట్యాంకు లేకుండా మనది ల్యాబ్ కాదు, వంటగది."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలడం అయిపోయింది."

"ఇదంతా నీ చెల్లెలి కోసమేగా?"

"కాదు" అన్నాను గట్టిగా.

సర్దుబాటు గారు మూడు నెలలు, మూడు నెలలు అని గొణుగుతూనే ఉన్నాడు. మేడమ్ నన్ను చూడకుండా ఫోన్ తీసింది.

చెల్లి కోసం కాదు. మాస్టారు వచ్చిన రోజునుంచీ అడుగుతున్నాను. చెల్లి కోసం కాదు.

సరే, చెల్లి కోసం కూడా.

మార్చి 26

క్యాను నింపాను. నింపాను. మేడమ్ నాతో మాట్లాడటం లేదు. నర్సులు నన్ను చూసి గుసగుసలాడుతున్నారు. ఫోన్లో చెల్లి మాట్లాడదు. ఆస్పత్రిలో మేడమ్ మాట్లాడదు. నాతో నోరు విప్పేది సర్దుబాటు గారొక్కడే. నా బతుకు ఇలా తగలడింది.

మార్చి 29, శనివారం

అమ్మ రక్తపరీక్ష వచ్చింది. చెల్లే దగ్గరుండి చేయించింది. నాకు చెప్పలేదు. అమ్మకీ ఉంది.

నాకు లేదు. ఉద్యోగంలో చేరినప్పుడే చూసి టీకాలు వేశారు. పెద్దదానికి లేకుండా చిన్నదానికి ఎలా వచ్చింది, తనకి మధ్యలో ఎప్పుడు వచ్చింది అని అమ్మ అడిగింది. ఎవరు చెప్పగలరు? అమ్మ కాలేయం బాగానే ఉందన్నారు. ఏడాదికి రెండుసార్లు చూపించుకుంటే చాలట.

అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. చెల్లి, నేను చెరోపక్క.

"నా పాలతోనా?" అంది.

"పాలతో కాదమ్మా. పుట్టేటప్పుడు."

"అయితే నేనేగా ఇచ్చింది?"

"నువ్వివ్వలేదు. అప్పుడు ఎవరూ చూడలేదు, చెప్పలేదు."

మడతపెట్టిన చీర విప్పి మళ్ళీ మడతపెట్టింది. "దాన్ని అనుమానించకు అని నీ మీద ఎగిరాను. దానిలో ఉన్నది నాదేనని తెలియక."

చెల్లి గబుక్కున లేచి వెళ్ళి అమ్మ వెనకాల కూర్చుని వీపుకి మొహం ఆనించింది. అలా ఉండి నన్నడిగింది, ఇన్ని రోజుల తర్వాత:

"మరి నా బిడ్డకి?"

"నీకు ఉందని తెలుసు కాబట్టి, పుట్టగానే రెండు సూదులు వేస్తారు, ఒకటి టీకా, ఇంకోటి వెంటనే కాపాడే మందు. నెలలు నిండేటప్పుడు నీకూ మందు ఇస్తారు. దాదాపు అందరికీ ఆగిపోతుంది."

"తెలియకపోతే?"

అమ్మే చెప్పింది, "తెలియకపోతే నువ్వు" అని.

ఏప్రిల్ 2, బుధవారం

ట్యాంకు వచ్చింది. మూడు నెలలు పడుతుందన్న ట్యాంకు తొమ్మిదో రోజున లారీ దిగింది! సర్దుబాటు గారు దగ్గరుండి దింపించి, ఏమీ ఎరగనట్టు, "మనం తలుచుకుంటే ఎంతసేపు మేడమ్" అన్నాడు. ఆ మనిషిని ఏం చెయ్యాలి?

మాస్టారివి, చెల్లివి అందులోకి మార్చాను. మేడమ్ వచ్చి చూసింది. వెళ్తూ వెళ్తూ, "ఇక ఎవరి మనిషైనా సరే, రక్తం ఇవ్వకుండా లోపలికి రానివ్వకు. నేను చెప్పినా సరే" అంది. క్షమాపణలాంటిదే. అంతకంటే ఆశించలేం.

ఇంటికొచ్చి పడుకున్నాను. ఎల్లుండి దాకా లేవను.

మే 8

చెల్లికి మొదటి పిండం నిలవలేదు. మాస్టారి భార్యకి నిలిచింది. ఒకే రోజు ఎక్కించాం. వరండాలో ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకుంటుంటే చూశాను. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నట్టున్నారు.

చెల్లి ఏడ్చింది. "మాస్టారి భార్యకి అయింది కదా, అంటే ఆ ట్యాంకు మంచిదే కదా?" అంది. మంచిదే అన్నాను.

జులై 24

నిలిచింది. ఇంకేమీ రాయను.

మార్చి 27, శుక్రవారం. కొత్త డైరీ

పొద్దున పదకొండింటికి చెల్లికి ఆడపిల్ల. కాన్పు ఈ ఆస్పత్రిలో కాదు, ఇంకో పెద్దాస్పత్రిలో. అక్కడ నన్నెవరూ ఎరగరు, నా మాట వినాల్సిన పని ఎవరికీ లేదు.

రెండో సూది గురించి నెల ముందే చెప్పి పెట్టాను. వారం కిందట మళ్ళీ చెప్పాను. నిన్న ఫోన్ చేశాను. ఈ రోజు పిల్ల పుట్టాక నర్సు వచ్చి టీకా ఒక్కటే వేస్తానంది.

"ఇంకోటి ఏదమ్మా?"

"అది ఫ్రిజ్‌లో ఉందండీ. తాళం స్టోర్ ఆయన దగ్గరుంది. ఆయన భోజనానికి వెళ్ళాడు. రేపు పొద్దున వేద్దాంలెండి, ఒక రోజులో ఏమవుతుంది?"

సర్దుబాటు గారికి ఓ చెల్లెలుందని, ఇక్కడే ఉద్యోగం చేస్తోందని తెలియదు నాకు.

"పన్నెండు గంటల్లోపల పడాలమ్మా. రేపు కాదు" అన్నాను. డ్యూటీ డాక్టర్ గదికెళ్ళాను. లేడు. స్టోర్‌కెళ్ళాను. తాళం. క్యాంటీన్‌కి వెళ్ళి, తింటున్న ముగ్గుర్ని, స్టోర్ ఆయన మీరేనా, మీరేనా అని అడిగాను. నాలుగో ఆయన. చెయ్యి కడుక్కోనిచ్చి వెంట తెచ్చుకున్నాను. దారంతా నన్ను తిట్టుకుంటూనే వచ్చాడు. తిట్టుకోనీ.

గదిలోకి వచ్చేసరికి చెల్లి మత్తుగా పడుకుని ఉంది. మరిది మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. నర్సు సూది సిద్ధం చేసుకుంటూ, "ఎవరైనా పాప కాలు కదలకుండా పట్టుకోండి" అంది. నేను ముందుకెళ్ళాను.

అమ్మ నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. "నేను పట్టుకుంటాను."

"ఏడుస్తుందమ్మా, నువ్వు చూడలేవు."

"ఏడవనీ. నేనే పట్టుకుంటాను."

బొటనవేలంత కాలు. రెండు చేతులతో పట్టుకుంది. మొదటి సూదికి పిల్ల కెవ్వుమంది. అమ్మ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, చెయ్యి మాత్రం సడలలేదు. రెండో తొడకి రెండోది. అమ్మ కాలు మార్చి పట్టుకుంది.

అయ్యాక నా వైపు తిరిగి, "అయిపోయిందా? నిజంగా అయిపోయిందా?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను.

నెలకి ఇంకోటి ఉంది. ఆ తర్వాత ఇంకా. ఏడాది దాటాక రక్తం తీసి చూడాలి. అవన్నీ రేపు చెప్తాను.